ఎడమవైపు వెనక మూల

ఇన్నేళ్ళుగా ఒక జానెడు చోటును గుండెల మీద మోస్తున్నాను. ఇంట్లో చోటు కాదు, పొలంలో చోటు కాదు. ఒక పాత కారు టాపు మీద, ఎడమవైపు వెనక మూల. ఆ కారు ఇప్పుడు లేదు. ముక్కలు చేసి పాత ఇనుముకు వేసేశారు. ఆ మూల మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఆ రోజే ఒక్క మాటతో అయిపోయేది. నేనెవరినీ చంపలేదు, ఎవరి కొంపా కూల్చలేదు, ఒక చిన్న తుప్పు బొక్కను దాచాను, అంతే కదా అని నన్ను నేను ఎన్నిసార్లు ఓదార్చుకున్నానో లెక్కలేదు. అంతేనా? అంతే అయితే మా మరిది ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే నాకు ముద్ద ఎందుకు దిగదు?

మొదటి నుంచి చెబుతాను. నాకు తిన్నగా చెప్పడం రాదు. మధ్యలో ఆగితే కాస్త ఓపిక పట్టండి.

నన్ను కడప జిల్లా వేంపల్లెలో ఇచ్చారు. అత్తవారికి బజారులో రంగులు, ఇనుప సామాన్ల అంగడి. నేను పుట్టింది కర్నూలుకు పడమర, ఆలూరు దాటాక వచ్చే ఒక పల్లెలో. అక్కడ మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. మా ఇల్లు చౌడు మిద్దె. చూడనివాళ్ళకు చెబుతాను: దూలాల మీద కట్టెలు పేర్చి, మట్టి వేసి, దాని పైన చౌడు మన్ను పోస్తారు. వాన తగిలితే ఆ మన్ను మెత్తబడి పగుళ్ళు వాటంతట అవే పూడుకుంటాయి. ఏటా వానలకు ముందు మిద్దెక్కి చౌడు పోయడం మా అమ్మ పని. చిన్నప్పుడు నేనూ గంపలు అందించేదాన్ని. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

నా మాటలో కన్నడం కలిసేది. అత్తవారింట్లో నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. నవ్వనివాడు ఒక్కడే, మా మరిది రమణ. ఇంటర్ తప్పి అంగట్లో కూర్చునేవాడు, కానీ అంగడి అతనికి సరిపడలేదు. మేకులు అడిగినవాళ్ళకు మరలు కట్టిచ్చేవాడు. రోడ్డు మీద ఎవరి బండైనా ఆగిపోతే తూకం అక్కడే వదిలేసి పరుగెత్తేవాడు. "వీనికి గల్లాపెట్టె కన్నా గేరుపెట్టె ముద్దు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. రమణ కూడా నవ్వేవాడు. ఆ రోజుల్లో అతనికి నవ్వు త్వరగా వచ్చేది.

మా గోదాము వెనక ఒక అంబాసిడర్ కారు ఉండేది. మామ వయసులో ఉన్నప్పుడు కొన్నది. నేను కాపురానికి వచ్చేసరికి దాని మీద గోనెసంచులు, లోపల కోళ్ళు. మామ దాన్ని అమ్మడు, బాగుచేయించడు, ఎవరినీ దాని మాట ఎత్తనివ్వడు. ఎందుకో రమణే నాకు చెప్పాడు. మా అత్తకు జబ్బు ముదిరినప్పుడు, పెద్ద వానలో ఆమెను ఆ కారులోనే కడపకు తీసుకుపోయారట. మామ నడుపుతున్నాడు. వెనక సీట్లో చిన్నపిల్లవాడు రమణ, తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టాపు అతుకులు అప్పటికే పోయాయి. దారి పొడుగునా నీళ్ళు ఆమె మొహం మీద కారుతుంటే ఈ పిల్లవాడు అరచేయి అడ్డం పెడుతూ పోయాడు. ఆమె తిరిగి రాలేదు. మామ కారు తెచ్చి గోదాములో పెట్టి తలుపు వేశాడు.

ఆ కారును బాగుచేస్తానని రమణ అడిగినప్పుడు ఇంట్లో అందరం నోళ్ళు తెరిచాం.  మామ అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నడిపించేది గొప్ప గాదురా. అది అప్పుడూ నడిచింది. వానలో నన్ను కూర్చోబెట్టుకోని పో. ఒక్క చుక్క లోపల పడకూడదు. అట్ల చేసినావంటే నీ దోవ నీది, కడపలో షెడ్డు పెట్టుకుంటావో ఏం చేస్తావో నేను అడ్డం రాను. చుక్క పడిందంటే మాత్రం ఈ మాట మళ్ళా ఎత్తొద్దు. అంగట్లో కూర్చో."

రమణ తలూపాడు. అతని బతుకంతా ఆ ఒక్క చుక్క మీద పెట్టారని నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

ఆ చలికాలమంతా అతను కారు మీదే ఉన్నాడు. ఇంజను విప్పాడు, బిగించాడు. చివరికి టాపు దగ్గరికి వచ్చాడు. టాపు రేకు, పక్క రేకు కలిసేచోట సన్నటి కాలువలాంటి అతుకు ఉంటుంది. అందులో నీళ్ళు దిగకుండా పెట్టిన పాత మందు ఎండి పెళుసుబారిపోయింది, దాని మీద ఎవరో ఎప్పుడో తారు పూశారు. అదంతా గీకి తీయాలి. తుప్పు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. థిన్నరుతో తుడిచి, ఎర్ర ప్రైమరు పూసి, ఆరాక అతుకు పొడుగునా సీలెంటు పెట్టి వేలితో నొక్కుకుంటూ పోవాలి. ఆ పైన రంగు. కుడివైపు అంతా అతనే చేశాడు. ఎడమవైపుకు వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఈ పక్క నువ్వు చెయ్యి వదినా. ముగ్గేసే చెయ్యి నీది, గీత వంకర పోదు. నాకు ఈ పక్క చెయ్యి ఆడదు" అన్నాడు.

ఎందుకు ఆడదో నేను అడగలేదు. నన్ను మెచ్చుకున్నాడు కదా, అది చాలు నాకు. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఎవరున్నారు?

పని ఎలా చేయాలో నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "మీ ఊరి మిద్దె అనుకో. చౌడు పోసే ముందు మీయమ్మ పాతదంతా గీకేస్తాది గదా? అట్లనే ఇది గూడా. ఇనుము మెరిసేదాకా గీకల్ల. మెరవకుండా మందు పెడితే తుప్పు లోపల్లోపలే తింటాది."

నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ఎప్పుడూ గీకేది కాదు. పాత చౌడు మీదే కొత్త చౌడు పోసేది. ఎక్కడైనా బొక్క పడితే గోనె పీలిక కుక్కి, పైన చౌడు పోసి, తడిపి తొక్కేది. ఆ కింద మేమంతా హాయిగా పడుకునేవాళ్ళం. అది అతనికి చెప్పి నవ్వించాలనుకున్నాను. ఎందుకో చెప్పలేదు.

నేను ముందు నుంచి మొదలుపెట్టాను. బాగానే చేశాను, ఇది మాత్రం నమ్మండి. స్క్రూడ్రైవరు మొనతో తారు పెళ్ళలు లేపుతుంటే గోళ్ళు నల్లబడిపోయాయి. అలా గీకుకుంటూ ఎడమవైపు వెనక మూలకు వచ్చాను. అక్కడ తారు మందంగా ఉంది. లేపితే కింద ఇనుము లేదు. బొక్క. చుట్టూ రేకు అప్పడంలా పొడిపొడిగా రాలుతోంది. వేలు పెడితే వేలు దిగింది.

ఆ రోజు రమణ సామాను కోసం కడపకు పోయాడు. ఇంట్లో నేను తప్ప కారు గురించి పట్టించుకునేవాళ్ళు లేరు. సాయంత్రం అతను రాగానే చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆ మూల కోసి, కొత్త రేకు అతికించి, మళ్ళీ అంతా మొదటి నుంచి చేసేవాడు. పని కొన్ని వారాలు వెనక్కి పోయేది. అంతకు మించి ఏమీ లేదు.

కానీ నాకు వారాలు లేవు. మా ఊరి తేరు, అంటే రథం తిరునాళ్ళ, దగ్గరపడుతోంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి సిగ్గుగా ఉంది. దాచింది భయంతోనో బద్ధకంతోనో అయితే కాస్త మర్యాదగా ఉండేది. అంతకు ముందు ఏడాది తేరుకు మా చిన్నాయన కూతురు జీపులో దిగింది. నేను బస్సు దిగి, సంచి చంకన పెట్టుకుని, దుమ్ములో నడిచి పోయాను. ఆమె జీపు లోంచి నన్ను చూసి చేయి ఊపింది. ఆ చేయి ఊపడం ఏడాదంతా నాకు కళ్ళ ముందే ఉంది. ఈసారి తేరుకు కారులో తీసుకుపోతానని రమణ మాటిచ్చాడు. పుట్టింటికి ఫోను చేసి చెప్పుకున్నాను కూడా. ఇంకో నెల ఆలస్యమంటే తేరు వెళ్ళిపోతుంది.

ఆ కచ్చ కోసం నేను చేసిన పని ఇది. పాత చీర అంచు చింపాను. మడతలు పెట్టి ఆ బొక్కలో కుక్కాను. పైన సీలెంటు మందంగా పెట్టి, ముగ్గు సరిచేసినట్టు వేలితో సరిచేశాను. ఆరీ ఆరకముందే దాని మీదా ప్రైమరు పూశాను. దూరం పోయి చూస్తే మిగతా అతుకుకూ దానికీ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే ఆ మూలే నున్నగా వచ్చింది. మా అమ్మ చేసిందే కదా నేనూ చేశానని సమాధానం చెప్పుకున్నాను. ఇనుము చౌడు కాదని నాకు తెలియదా? రంగుల అంగడి కోడలిని. తుప్పు గురించి రోజూ వచ్చేపోయేవాళ్ళకు చెబుతుండేదాన్ని. తెలుసు. అయినా చేశాను. పైగా రెండేళ్ళుగా వాన మొహం చూడలేదు. పడితే కదా అనుకున్నాను.

రమణ వచ్చి చూసి మురిసిపోయాడు. "నీ చెయ్యే చెయ్యి వదినా" అన్నాడు. అతుకు పొడుగునా నేను సీలెంటు పెట్టాక అతనే పైన ఇంకో పూత పెట్టాడు, మీగడ రంగు కొట్టాడు. నీళ్ళు పోసి పరీక్ష చేద్దామంటే ఊళ్ళో తాగేదానికే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే కాలం. "జనం నీళ్ళకు ఏడుస్తాంటే కారు మీద పోస్తావా?" అని మామ కసిరాడు. ఇంక వానే పరీక్ష అని తేలిపోయింది.

తేరుకు కారులోనే పోయాను. ఎండలో దానికి ఏం భయమని మామ ఒప్పుకున్నాడు, తను మాత్రం ఎక్కలేదు. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. చిన్నాయన కూతురు వచ్చి టాపు మీద చేయి వేసి "శానా బాగుండాదే" అంది. నేను ఎంత సంతోషపడ్డానో దాచను. ఆ ఒక్కరోజు సంతోషం నిజంగానే కడుపు నిండా పడ్డాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎండలు ముదిరాయి. మా కడప ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఒక మధ్యాహ్నం వడియాలు ఎండబెట్టడానికి గోదాము వైపు పోయి, ఊరికే కారు వంక చూశాను. ఆ మూలన రంగు కింద చిన్న బుడగ లేచి ఉంది, పెసరగింజంత. బొటనవేలితో నొక్కాను. లోపలికి పోయింది. చేయి తీశాక మళ్ళీ లేచింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. వడియాల చాప తీసుకుని మిద్దె మీదికి పోయాను. దేవుడు నాకు రెండోసారి కూడా అవకాశం ఇచ్చాడని, అదీ కాలదన్నుకున్నానని మీకు తెలియడం కోసం ఇది చెబుతున్నాను.

ఊళ్ళో రైతుల కన్నా ఎక్కువగా రమణ మబ్బులు చూసేవాడు. గాలి తిరిగితే చాలు బయటికి వచ్చేవాడు. కడపలో షెడ్డుకు చోటు కూడా చూసిపెట్టుకున్నాడు. అతను వాన కోసం మొక్కుతుంటే నేను వాన రాకూడదని మొక్కాను. చుట్టూ చేన్లు ఎండిపోతున్నాయి, బావులు అడుగంటాయి, పశువులను అమ్ముకుంటున్నారు. అలాంటి కాలంలో వాన వద్దని దేవుణ్ణి అడిగిన ఆడది నేను తప్ప ఇంకెవరైనా ఉంటారా?

వాన వచ్చింది. సాయంత్రం పూట, ఒక్కసారిగా. వీధిలోకి జనం పరుగెత్తుకొచ్చి తడుస్తున్నారు. రమణ కారు బయటికి తీశాడు. మామ తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. ముందు తలుపు తీసి పట్టుకుంటే వద్దని, వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నాడు. మా ఆయన ముందు కూర్చున్నాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. రమణ అద్దం దించి నా వైపు చూసి నవ్వాడు. కారు కడప రోడ్డు వైపు తిరిగింది.

ఎంతసేపని చెప్పను. గడప వదిలి కదల్లేదు. వాన మందంగా పడుతోంది. చివరికి వీధి మలుపులో మామ కనిపించాడు. నడిచి వస్తున్నాడు. పంచె కాళ్ళకు చుట్టుకుపోయింది. తల మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. ఆయన వెనక కారు, మనిషి నడకతో సమానంగా, మెల్లగా వస్తోంది. బజారు అంతా ఆగి చూస్తోంది. రమణ కారు లోంచి "నాయినా, ఎక్కు నాయినా" అంటున్నాడు. మామ వెనక్కి తిరగలేదు.

గోదాము దగ్గర ఆగి ఒక్క మాట అన్నాడు. "మీయమ్మ మొగం మీద పడిన చోటే పడిందిరా." కారు లోపల పెట్టించి, తాళం వేసి, తాళంచెవి మొలకు దోపుకుని ఇంట్లోకి పోయాడు. తడిబట్టలతోనే గోడకు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు నాకు తెలిసింది, ఆ పక్క అతనికి చెయ్యి ఎందుకు ఆడలేదో. తల్లి తల అటువైపు ఉంది. తను మొదట ముట్టుకోలేకపోయిన ఆ చోటును నా చేతిలో పెట్టాడు.

రమణ గోదాము గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాన తగ్గింది. నేను తువ్వాలు తీసుకుని పోయాను. తీసుకోలేదు. నన్ను చూశాడు. ఆ కళ్ళల్లో అనుమానం ఉండి ఉంటే బాగుండేది. లేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కునేవాడి చూపు అది.

"వదినా, ఆ మూల గీకినప్పుడు ఇనుము మెరిసిందా?"

"మెరిసింది."

"బాగా చూసినావా?"

"చూసినా రమణా. అద్దం మాదిరి మెరిసింది."

అతను తలూపాడు. శానాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "అయితే నేనేలే. పైపూత నేనే గదా పెట్టింది. యాడో నా చెయ్యే తప్పింది" అన్నాడు.

అద్దం మాదిరి. ఆ మాట నన్ను ఎవరు అడిగారు? ఉత్త అబద్ధం సరిపోక దానికి అలంకారం కూడా చేశాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని విధాలుగా అడిగానో. మామ కోప్పడతాడనా? కోప్పడితే కోప్పడేవాడు. పుట్టింటికి పంపిస్తారనా? అలాంటి మనుషులు కారు. నిజం ఇప్పుడు చెబుతున్నాను. రమణ కళ్ళల్లో నేను చిన్నదాన్నవుతానని భయపడ్డాను. ఆ ఇంట్లో నన్ను గౌరవంగా చూసేవాడు అతనొక్కడే. ఆ గౌరవం పోకూడదని అతని బతుకు తీసుకున్నాను. మరుసటి రోజు చెప్పవచ్చు అనుకున్నాను. మామ మనసు కుదుటపడ్డాక అనుకున్నాను. ఈలోగా మామ పాత ఇనుము వాళ్ళను పిలిపించాడు. వాళ్ళు గోదాములోనే కారును ముక్కలు కోస్తుంటే రమణ అంగట్లో కూర్చుని ఎవరికో తీగ తూచి ఇస్తున్నాడు. ఆ మూలను ఎవరూ తిప్పి చూడలేదు. చీర అంచు ఎవరికీ కనపడలేదు. నాకు ఊపిరి వచ్చింది. అవును, ఆ రోజు నాకు నిజంగా హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి.

మామ పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు చేతకానివాడన్న నమ్మకంతోనే పోయాడు. చివరి రోజుల్లో ఆయనకు మందులు పోసింది నేనే. నిజం నోటిదాకా వచ్చేది. స్పూను నోటికి అందించి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆ తలుపు కూడా మూసుకుపోయింది.

రమణ అంగట్లోనే ఉన్నాడు. మేకులకు మరలు కట్టివ్వడం ఎప్పుడో మానేశాడు, తూకం తప్పడు. పెళ్ళయింది, పిల్లలున్నారు. నాకు జ్వరమొస్తే ఆసుపత్రికి పరుగెత్తేది అతనే. నన్ను తల్లి తర్వాత తల్లి అని నలుగురిలో చెబుతాడు. అలా అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాను.

మొన్న పక్క పల్లె నుంచి ఒక రైతు తన తాతల నాటి జీపుకు రంగు కొనడానికి వచ్చాడు. నేను అంగట్లోకి కాఫీ తెచ్చి నిలబడి ఉన్నాను. అతను రమణతో అన్నాడు, "అన్నా, నువ్వు ఒకప్పుడు కారు మొత్తం చేసినావంట గదా. మా జీపు టాపు గూడా రవ్వంత చూడన్నా. ఆ పని తెలిసినోళ్ళు ఈడ ఎవరూ లేరు."

రమణ నవ్వాడు. బాధతో నవ్విన నవ్వైనా కాదు. నిజం చెప్పేవాడి నవ్వు. "వద్దప్పా. నా చెయ్యి మంచిది గాదు. నేను పట్టిన పని కారుతాది" అన్నాడు. తన కొడుకు పక్కనే ఉన్నాడు, వింటున్నాడు.  చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. ఈలోగా ఎవరో సిమెంటు అడిగారు. రమణ లేచిపోయాడు. ఆ రైతు రంగు డబ్బా తీసుకుని జీపెక్కాడు.

నేను గ్లాసు అక్కడే పెట్టి ఇంట్లోకి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. క్షమించమని అడగను. మీరు క్షమించినా అది నాకు ఉపయోగపడదు, క్షమించాల్సినవాడు బజారులో సిమెంటు బస్తాలు ఎత్తిస్తున్నాడు. రేపు చెబుతానని మాట కూడా ఇవ్వలేను, నా రేపుల సంగతి మీరు చూశారు కదా. ఇంతకాలానికి ఒక కాగితం మీదైనా నిజం నిజంగా ఉంది. దానివల్ల గుండెలో ఒక పక్క కాస్త తేలికైంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

రమణ చెయ్యి మంచిది. అంత మంచి చెయ్యి నేను ఇంకొకటి చూడలేదు. ఆ సంగతి ఈ లోకంలో నాకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. అతనికి మాత్రం తెలియదు.